ప్లీస్టోసీన్ యుగం: జ్వాలాపురం సాక్ష్యం

సుమారు 25.8 లక్షల సంవత్సరాల క్రితం మొదలై 11,700 సంవత్సరాల క్రితం ముగిసిన భూచారిత్రక విభాగాన్ని ప్లీస్టోసీన్ యుగం అంటారు. ఆ యుగంలో, సుమారు 74,000 సంవత్సరాల క్రితం, సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం బద్దలైంది. నాటి బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురం వద్ద, జుర్రేరు లోయలో నేటికీ పొరగా కనిపిస్తుంది. ఈ విస్ఫోటనం వల్ల మానవజాతి దాదాపు అంతరించే స్థితికి చేరిందని ఒక వాదం ఉంది. అయితే బూడిదపొరకు కిందా పైనా లభించిన రాతి పనిముట్ల మధ్య సన్నిహిత పోలికలున్నట్లు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ తదితరులు 2007లో ప్రకటించారు. మనుగడ కొనసాగిందనడానికి ఇది బలమైన ఆధారం. ఆ పొరల్లో మానవ అవశేషాలు లభించనందున, వాటిని మలిచినవారు ఆధునిక మానవులేనా అన్నది చర్చనీయాంశమే. ఇక్కడ కాలనిర్ణయానికి పొరల క్రమమే కీలకం. బూడిద తవ్వకాలతో ఆ క్రమం చెదిరితే, పనిముట్లు మిగిలినా అవి చెప్పే చరిత్ర మిగలదు.