కృష్ణబిలానికి పింగ్!

సర్వర్‌కి పింగ్ కొట్టి, జవాబు ఎంత ఆలస్యమైందో చూడటం మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అలవాటే. భారీ కృష్ణబిలాల దగ్గర ఖగోళ శాస్త్రజ్ఞులు చేసేదీ ఇంచుమించు ఇదేనని చదివి నేను ఆశ్చర్యపోయాను. కృష్ణబిలంలో పడబోయే పదార్థం వేడెక్కి వెలుగుతుంది. ఆ వెలుగు పెరిగితే, చుట్టూ ఉన్న వాయువు కాస్త ఆలస్యంగా తానూ ప్రకాశిస్తుంది. ఆలస్యాన్ని బట్టి దూరం, దానికి వాయువు వేగం జోడిస్తే కృష్ణబిలం బరువు తెలుస్తాయి.

2014లో హబుల్ టెలిస్కోపు ఎన్‌జీసీ 5548 గెలాక్సీని ఆరు నెలలు దాదాపు రోజూ అతినీలలోహిత కాంతిలో గమనించింది. కార్బన్ వాయువు జవాబు సుమారు 5 రోజులకి వచ్చింది. అయితే మధ్యలో కొన్ని వారాలు వాయువు వెలుగుని సరిగా అనుసరించనే లేదు! మధ్యలో వాయుమేఘం అడ్డుపడి ఉండొచ్చని ఒక వివరణ. బరువు లెక్కలన్నీ ఈ జవాబు మీదే ఆధారపడతాయి కనుక, ముందు త్రాసునే పరీక్షించుకోవాలన్నమాట!