మసిని మోసే నూనె

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. కుర్రవాడు కారు కిందకి దూరి, ఇంజిన్ నూనె నిలిచే సంప్ అడుగున ఉన్న బోల్టు విప్పగానే, కాటుక రంగు నూనె వేడివేడిగా ట్రేలోకి జారింది. పక్క బండి యజమాని తొంగిచూసి, "ఇంత నల్లగా ఉందేంటన్నా? పోయినసారి నకిలీది పోశారా?" అన్నాడు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "డీజిల్ బండి సార్ ఇది. నల్లబడితేనే నూనె పని చేస్తున్నట్టు."

నా కారు పక్కనే నిలబడి విన్న ఆ మాటలో డీజిల్ ఇంజిన్ చరిత్ర చాలావరకు ఇమిడి ఉంది.

1897 ఫిబ్రవరి 17న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన ఇంజిన్‌ను ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించారు. ఒకే సిలిండర్, సుమారు 20 హార్స్‌పవర్, నిలువెత్తుకు మించిన ఇనుప స్తంభం లాంటి యంత్రం. ఇంధనంలోని శక్తిలో 26.2 శాతాన్ని అది పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో కూడా లేవు. అందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. సైకిల్ పంపు మూతికి వేలు అడ్డంపెట్టి కొడితే పంపు వేడెక్కుతుంది కదా, అదే సూత్రం. గాలిని బలంగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం భగ్గుమంటుంది.

ఆ సూత్రంలోనే మసి కూడా ఉంది. డీజిల్‌ను చివరి క్షణంలో సన్నని తుంపరగా చిమ్ముతారు. అది గాలితో పూర్తిగా కలిసేలోపే మంట అంటుకుంటుంది. తుంపర నడిమధ్య, ఆక్సిజన్ అందనిచోట, కార్బన్ మసిగా మిగులుతుంది. ఎక్కువ భాగం పొగలో పోయినా, కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి నూనెలోకి దిగుతుంది.

ఎడ్లబండి ఇరుసుకు కందెన పూసినట్టు ఇంజిన్‌కు నూనె పోస్తే చాలని చాలాకాలం అనుకున్నారు. 1931లో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ సంస్థ డీజిల్ ట్రాక్టర్లు తెచ్చాక ఆ నమ్మకం చెదిరింది. రోజంతా బరువు లాగే ఇంజిన్‌లో నూనె మాడి, మసితో కలిసి లక్కలా గట్టిపడి, పిస్టన్ రింగులను వాటి గాడుల్లోనే బిగించేసేది. బిగిసిన రింగు సిలిండర్‌ను మూయలేదు, బలం పడిపోతుంది. యంత్రంలో లోపం లేదు, దానికి తగిన నూనె లేదంతే. 1930ల మధ్యలో కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ రసాయన నిపుణులు నూనెలో సబ్బులాంటి లోహ సమ్మేళనాలు కలిపి, రింగులను శుభ్రంగా ఉంచే నూనెను తెచ్చారు. గిన్నెకు అంటిన మాడును సబ్బు వదిలించినట్టే అవి పని చేశాయి. 1936లో మెర్సిడెస్-బెంజ్ 260 డి రావడంతో డీజిల్ ఇంజిన్ కార్లలోకీ అడుగుపెట్టింది.

క్రమంగా నూనెకు మరిన్ని బాధ్యతలు వచ్చి చేరాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు డీజిల్‌లోని గంధకం కాలి పుట్టే ఆమ్లాలను విరుస్తాయి. మరో రకం రసాయనాలు ఒక్కో మసి కణాన్నీ చుట్టుకొని, అవి ఒకదానికొకటి అంటుకొని ముద్దకట్టకుండా చూస్తాయి. నూనె నల్లబడేది అందుకే. మసి ఇంజిన్ గోడలకు పట్టకుండా నూనెలోనే తేలుతూ ఉంటుంది, నూనె మార్చినప్పుడు దానితోపాటే బయటికి పోతుంది.

2020 ఏప్రిల్ 1న మన దేశంలో వాహన కాలుష్యానికి బీఎస్6 (భారత్ స్టేజ్ 6) నిబంధనలు అమల్లోకి రావడంతో కథ మలుపు తిరిగింది. డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ చేరింది. అందరూ డీపీఎఫ్ అంటారు. చిక్కిన మసిని అది దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చేసుకుంటుంది. అయితే ఇంజిన్ కొద్దికొద్దిగా తాగే నూనెలోని లోహ లవణాలు కాలితే బూడిద అవుతాయి. బూడిదను ఇంకెంత కాల్చినా బూడిదే. అది ఫిల్టర్ రంధ్రాల్లో పేరుకుపోతుంది. ఒకప్పుడు డీజిల్ ఇంజిన్‌ను కాపాడిన లవణాలే ఇప్పుడు ఫిల్టర్‌కు బరువయ్యాయి. డీజిల్‌లో గంధకం పదిలక్షల పాళ్లకు 10కి తగ్గింది కనుక ఆమ్లం బెడదా తగ్గింది. నూనెలో ఆ లవణాలను తగ్గించడానికి వీలు దొరికింది.

అందుకే డబ్బా వెనకవైపు అక్షరాలు చదవాలి. యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ ప్రమాణం సీ3 అని ఉంటే బూడిద 0.8 శాతం మించకూడదు. ఏ3/బీ4 రకంలో 1.0 నుంచి 1.6 శాతం దాకా ఉండొచ్చు. ఫిల్టర్ లేని పాత ఇంజిన్‌కు అది మంచి నూనే, ఫిల్టర్ ఉన్న కారుకు కీడు. ఇక 5డబ్ల్యూ-30 లాంటి అంకెలు చిక్కదనాన్ని చెబుతాయి. మొదటిది చలిలో నూనె ఎంత తేలిగ్గా పారుతుందో, రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో. నిమిషానికి లక్ష చుట్లు దాటే టర్బో ఇరుసు నూనె పొర మీదే తేలుతుంది. నూనె మరీ చిక్కనైతే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో అక్కడికి ఆలస్యంగా చేరుతుంది, మరీ పలుచనైతే వేడిలో ఆ పొర చిరుగుతుంది.

ఇంకొక్క సంగతి. ఫిల్టర్‌ను వేడెక్కించడానికి చాలా కార్లు సిలిండర్‌లోకి కాస్త ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతాయి. ఊళ్లోనే తక్కువ దూరాలు తిరిగే కారులో ఆ డీజిల్ కొంత సంప్‌లోకి జారి నూనెను పలుచన చేస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గితేనే కాదు, పెరిగినా మెకానిక్‌కు చూపించాలి.

షెడ్డులో నా వంతు వచ్చింది. మేస్త్రి రెండు డబ్బాలు తెచ్చి పెట్టాడు. ఒకటి పాత లారీలకు పోసే 15డబ్ల్యూ-40, చవక. రెండోది మా కారు మాన్యువల్ చెప్పిన 5డబ్ల్యూ-30, సీ3. నేను అడగకముందే రెండోదాని వెనక చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. తేనె రంగు నూనె ఇంజిన్‌లోకి దిగింది. కాసేపు నడిపి ఆపి, నూనె దిగాక డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచాడు, మళ్లీ ముంచి తీశాడు. మట్టం రెండు గీతల మధ్య సరిగ్గా నిలిచింది. తేనె రంగులో అప్పుడే సన్నటి నల్లజీర. కొత్త నూనె పని అందుకుంది.