ఒక్కరి మంట చాలదు

యోవేలు ప్రవక్త తన గ్రంథాన్ని గొంగళి పురుగులు, మిడతల దాడితో ఆరంభించాడు (యోవేలు 1:4). ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వాన మాత్రమే కురిసే అనంతపురంలో ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఎర్ర గొంగళి పురుగు అంటే ఏమిటో ఇక్కడి శెనక్కాయ రైతుకు తెలుసు.

ఆ మధ్య సంఘస్థులతో కలిసి మేము కోయంబత్తూరు వెళ్లాం. అక్కడి తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 2018లో ప్రారంభమైన కీటక ప్రదర్శనశాల ఉంది. పిల్లలు సీతాకోకచిలుకల దగ్గర మూగారు. రైతు అయిన మా సంఘపెద్ద మాత్రం తెల్లరెక్కల పురుగుల ముందు ఆగిపోయాడు. "అయ్యగారూ, మన ఎర్రపురుగు తల్లి కూడా ఇట్లే ఉంటుంది. చూసేకి ఎంత సాధువు!" అన్నాడు.

దాని సంగతంతా ఆయనే చెప్పాడు. సుమారు పది నెలలు అది మట్టిలోనే నిద్రపోతుంది. మనం దేవుణ్ణి స్తుతించే తొలకరి వానే దాన్నీ లేపుతుంది. తల్లిపురుగు వందల గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు ఒక చేను తినేసి, దండు కట్టి పక్క చేనుకు సాగుతాయి. తల్లిపురుగులు వెలుగుకు వస్తాయి కాబట్టి ఆ రాత్రులు మంటలు వేస్తారు. అయితే ఒక్కరు వేస్తే చాలదు, ఊరంతా వేయాలి.

ఆ మాట మమ్మల్ని గుచ్చింది. ఒక ఏడాది ఆయన ఒక్కడే మంటలు వేశాడు. చేనులో ఈనెలే మిగిలాయి. మేము ఆయన ఇంటికి వెళ్లి, కన్నీటితో ప్రార్థించి వచ్చాం. పక్క చేల వారిలో ఇద్దరు ఆరాధనలో ఆయన పక్కనే కూర్చునేవారు. వారిని మేము ఒక్క మాటా అడగలేదు!

ఎవరింట్లో వారు ఏడవమని యోవేలు చెప్పలేదు. పెద్దలను, పిల్లలను, దేశ నివాసులందరినీ సమకూర్చమన్నాడు (1:14, 2:15,16). పురుగులు తినేసిన సంవత్సరాల నష్టాన్ని తీరుస్తానన్న వాగ్దానం (2:25) కూడా ఒక్కరికి కాదు, ఆ ప్రజలందరికీ ఇచ్చినదే.

పురుగుకు కులం లేదు, మతం లేదు, గట్టు అడ్డం కాదు. అందుకే ఈసారి తొలకరి గట్టిగా పడగానే మా చర్చి గంట ఊరంతటికీ మోగుతుంది. ప్రార్థించి, కట్టెలెత్తుకొని చేలకు వెళ్తాం. పొరుగువాడి పంట కోసం ప్రార్థించండి. ఆ రాత్రి మీ గట్టు మీద కూడా మంట వేయండి.