వెన్నుపాముకీ నడక తెలుసు

నిన్నటిదాకా సోఫా మీంచి గెంతిన డాషండ్ కుక్క, పొద్దున్న లేచేసరికి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ పాకుతుంది. చూసినవాళ్లు వెంటనే ఇచ్చే సలహా, "ఇంక లేవదు, బాధపెట్టకుండా సూది వేయించెయ్యండి" అని. చాలాసార్లు అది తొందరపాటు సలహా.

డాషండ్, పెకినీస్, బీగిల్ వంటి జాతుల్లో ఇలా హఠాత్తుగా కాళ్లు పడిపోవడానికి ప్రధాన కారణం డిస్క్ జబ్బు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు లోపలి గుజ్జు లేత తాటిముంజెలా మెత్తగా ఉండాలి. ఈ జాతుల్లో ఏడాది వయసుకే అది ముదిరిన ముంజెలా గట్టిపడుతుంది. తర్వాత ఎప్పుడో ఓ మామూలు గెంతుకే డిస్కు చిట్లి, లోపలిది వెన్నుపాము మీదికి తన్నుకొస్తుంది. 12వ క్రోమోజోములో ఎఫ్‌జీఎఫ్4 జన్యువుకు అదనంగా చేరిన ఒక నకలు దీనికి మూలమని 2017లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్తించారు. మనం ముచ్చటపడే ఆ పొట్టి కాళ్ల వెనకా దాని పాత్ర ఉంది.

ఇక్కడ డాక్టరు చేసే ఒక పరీక్ష చాలా ముఖ్యం. లోతైన నొప్పి తెలుస్తోందో లేదో చూడటానికి వెనక కాలి వేలి ఎముకను పరికరంతో గట్టిగా నొక్కుతారు. కుక్క కాలు లాక్కోగానే ఇంటివాళ్ల ప్రాణం లేచొస్తుంది. కానీ అది చాలదు. మెదడుకు కబురు అందకపోయినా వెన్నుపాము తనంతట తానే కాలిని వెనక్కి లాగగలదు. కుక్క తల తిప్పి చూడాలి, కుయ్యిమనాలి, లేదా కరవబోవాలి. నొప్పి మెదడుదాకా చేరిందనడానికి అదీ గుర్తు. అలా నొప్పి తెలుస్తున్న కుక్కల్లో ఆపరేషన్ తర్వాత పదింట తొమ్మిది మళ్లీ నడుస్తాయి. తెలియనివాటిలోనూ దాదాపు సగం నడుస్తాయి.

మరి మిగిలిన సగం సంగతి? నన్ను బాగా ఆకట్టుకునే విషయం ఇదే. ఒక కాలు ముందుకు, ఇంకో కాలు వెనక్కి అనే లయ పుట్టేది మెదడులో కాదు, వెన్నుపాములోనే. 1911లో థామస్ గ్రాహం బ్రౌన్ అనే శాస్త్రవేత్త పిల్లుల మీద ప్రయోగాలతో ఈ సంగతి చూపించాడు. మెదడుతో సంబంధం తెగినా ఆ నాడుల అల్లిక బతికే ఉంటుంది. రోజూ కాళ్లను నేలకు తాకిస్తూ, బరువు మోయిస్తూ, అడుగులు వేయిస్తూ ఉంటే అది మేలుకోవచ్చు. నొప్పే తెలియని 81 కుక్కలకు ఇటలీ పశువైద్యులు తీవ్రమైన ఫిజియోథెరపీ చేయించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 48 తమంతట తాము నడిచాయి. ఆ నడక తూలుతుంది, మలుపుల్లో తడబడుతుంది. అయినా తిండిగిన్నె దాకా వెళ్లడానికి, వాకిట్లోకి రావడానికి అది చాలు.

నీటి ట్రెడ్‌మిల్ చేసేదీ ఇలాంటి పనే. గాజు తొట్టెలో గోరువెచ్చని నీళ్లు నింపి, అడుగున కదిలే పట్టీ మీద కుక్కను నడిపిస్తారు. నీళ్లు మడమ కీలు దాకా ఉంటే కాళ్ల మీద 91 శాతం బరువు పడుతుంది. మోకాలి దాకా ఉంటే 85 శాతం. తుంటి దాకా పెంచితే 38 శాతమే. నేల మీద నిలబడలేని కుక్క అక్కడ అడుగులు వేస్తుంది. బలం వచ్చేకొద్దీ నీళ్లు తగ్గిస్తారు.

అయితే ఈ యంత్రం అందుబాటులో లేదని ఆశ వదులుకోవద్దు. వైద్యంలో పెద్ద భాగం ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంది. ఆపరేషన్ లేకుండా నయం చేస్తున్న కుక్కకు ముందు కనీసం నాలుగు వారాలు చిన్న బోనులో విశ్రాంతి కావాలి. గెంతులు, మెట్లు పనికిరావు. డాక్టరు సరేనన్నాక కీళ్లను మెల్లగా మడిచి చాపడం, పొట్ట కింద పాత తువ్వాలు వేసి పట్టుకుని నిలబెట్టడం మొదలుపెట్టాలి. మన ఇళ్లలోని నున్నటి టైల్స్, మార్బుల్ ఈ కుక్కలకు పెద్ద శత్రువులు. నడిచే దారంతా రబ్బరు చాపలు పరచండి. మెత్తటి పక్క వేసి, కొన్ని గంటలకోసారి కుక్కను రెండో వైపుకు తిప్పకపోతే పుళ్లు పడతాయి. తనంతట మూత్రం పోయలేని కుక్కకు మూత్రాశయాన్ని ఎలా నొక్కి ఖాళీ చేయాలో డాక్టరు దగ్గరే నేర్చుకోండి. ఇది మరిస్తే ఇన్ఫెక్షన్ వస్తుంది, కాళ్ల సంగతి వెనకబడి ప్రాణం మీదికొస్తుంది.

రెండు పనులు మాత్రం చేయొద్దు. నడుం పట్టిందనుకుని నూనె రాసి గట్టిగా మర్దన చేయకండి. చిట్లిన డిస్కు ఇంకా లోపలికి నొక్కుకుపోతుంది. ఇంట్లో ఉన్న నొప్పిమాత్ర వేయకండి. ఐబుప్రొఫెన్ కుక్క పేగుల్లో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లికైతే ఒక్క పారాసెటమాల్ మాత్రే ప్రాణం తీయగలదు.

మీ కుక్క వెనక కాళ్లు తూలుతున్నా, పడిపోయినా రేపటిదాకా ఆగకండి. పలక మీద పడుకోబెట్టి, నడుం కదలకుండా ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. "దీనికి లోతైన నొప్పి తెలుస్తోందా?" అని అడగండి. సూది మాట ఆ జవాబు విన్నాకే.