పెట్టె విప్పితే.. రిపేరే!

కొత్త వస్తువు ఇంటికి వస్తే పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టడం మనవాళ్ల ఆనవాయితీ. ఇప్పుడు కాయ కొట్టిన చేత్తోనే మెకానిక్‌కు ఫోన్ కొట్టాల్సి వస్తోంది. టీవీకి అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడనే ఊడదు, తెర మీద నిలువు గీతలు పడతాయి. ఫ్రిజ్‌లో లైటు వెలుగుతుంది, నీళ్లు మాత్రం చల్లబడవు. బట్టలుతకాల్సిన యంత్రం గది నిండా గెంతుతుంది. కొన్నది వాడుకోవడానికా, బాగు చేయించుకోవడానికా అని మధ్యతరగతి గృహస్థు తల పట్టుకుంటున్నాడు.

టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లోనూ తిప్పలు లేకపోలేదు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1982లో రంగుల ప్రసారాలు వచ్చాయి. డాబా మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు 'వచ్చింది.. పోయింది' అని కేకలు వేసేవారు. అయితే చాలా ఊళ్లలో సెట్టు అమ్మిన దుకాణం మనిషే వచ్చి, బొమ్మ కుదిరాకే వెళ్లేవాడు. తేడా వస్తే అడగడానికి ఒక గుమ్మం ఉండేది.

ఇప్పుడు గుమ్మాలు పెరిగాయి, జవాబు చెప్పేవాళ్లు తగ్గారు. దుకాణంలో 'కంపెనీకి చెప్పుకోండి' అంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అంటుంది. సర్వీసు సెంటరులో 'పార్టు రావాలి' అంటారు. పార్టు రాదు. నెల తిరిగేసరికి వాయిదా సొమ్ము మాత్రం ఠంచనుగా బ్యాంకు ఖాతాలోంచి పోతుంది. వారంటీ కూడా వస్తువు పనిచేసిన రోజు నుంచి కాదు, సాధారణంగా బిల్లు తేదీ నుంచే కరిగిపోతుంటుంది. రోహిణి కార్తె ఎండలకని కొన్న ఏసీ తొలకరికి బాగైతే ఏం లాభం? ఇన్సులిన్ దాచుకోవడానికి ఫ్రిజ్ కొన్న చక్కెర వ్యాధి రోగి ఎన్నాళ్లని ఆగగలడు?

ఏది లోపం? ఏది కాదు?

ప్రతి తంటా లోపం కాదు. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీన్‌లో, లారీ కుదుపులకు డ్రమ్ము కదలకుండా వెనకవైపు బోల్టులు బిగించి పంపుతారు. అవి విప్పకుండా నడిపితే యంత్రం ఎగిరి పడుతుంది. ఫ్రిజ్‌ను ఆటోలో పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పాకుతుంది. నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే స్విచ్చి వేయాలి. స్మార్ట్ టీవీ మొదటిసారి వేయగానే ఇంటర్నెట్ అడుగుతుంది, ఈమెయిల్ అడుగుతుంది, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చుకుంటానంటుంది. వైఫై లేని పల్లెటూరి ఇంట్లో సెల్‌ఫోన్ డేటా అంతా దానికే సరి. ఇవి లోపాలు కావు. కాకపోతే అమ్మేటప్పుడే చెప్పాల్సిన సంగతులు. బేరం కుదిరేదాకా గుక్క తిప్పుకోకుండా మాట్లాడే సేల్స్‌మన్ ఈ నాలుగు ముక్కలూ ఎందుకు చెప్పడో తెలియదు.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా పనిచేయకపోతే అది అసలైన లోపం. ఎలక్ట్రానిక్ వస్తువుకు గండం రెండుసార్లు వస్తుంది. పుట్టగానే ఒకసారి, ముసలితనంలో మరోసారి. బలహీనమైన సోల్డరింగు, సరిగా కూర్చోని కనెక్టరు వంటివి మొదటి కొద్ది గంటల్లోనో, రోజుల్లోనో బయటపడతాయి. వాటిని ఏరేయడానికే ఫ్యాక్టరీల్లో సరుకును కొన్ని గంటలపాటు ఆపకుండా నడిపి చూసే పద్ధతి ఉంది. ఆ పరీక్షను కుదించినా, ఎగ్గొట్టినా కొన్నవాడి ఇల్లే పరీక్షశాల అవుతుంది. ఖర్చు తప్పేది కంపెనీకి. పనులు మానుకుని మెకానిక్ కోసం ఎదురుచూసేది మనం.

మార్చమంటే మరమ్మతా?

అసలు మెలిక ఇక్కడే ఉంది. వాడగా వాడగా చెడిపోయిన వస్తువుకు మరమ్మతు న్యాయమే. మొదటి రోజే పనిచేయనిదానికి మరమ్మతేమిటి? డబ్బు పోసింది కొత్త సరుకుకు. మూత విప్పి, బోర్డు మార్చి ఇస్తే అది కొత్తదెలా అవుతుంది? 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు మీద అచ్చు వేసినంత మాత్రాన లోపమున్న సరుకు అంటగట్టే హక్కు రాదు.

2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఈ 30 రోజుల సంగతి తెలియక, 'రేపు మాపు' అన్న మాట నమ్మి గడువు కాస్తా దాటించుకుంటున్నవారు ఎందరో.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

పెట్టె విప్పేటప్పుడే సెల్‌ఫోన్‌లో వీడియో తీయించండి. పగిలిన తెరకు సాధారణంగా వారంటీ వర్తించదు. అది మీ ఇంట్లో పగల్లేదని చూపగలిగేది ఆ వీడియోనే. వస్తువు నడవకపోతే ఆ రోజే దుకాణానికీ, కంపెనీకీ రాతపూర్వకంగా తెలపండి. మెకానిక్ వస్తే అతని కాగితం మీద 'మొదటి రోజు నుంచే పనిచేయలేదు' అని రాయించుకుని నకలు తీసుకోండి. పని పూర్తి కాకముందే ఫిర్యాదు మూసేయడానికి ఓటీపీ అడిగితే చెప్పవద్దు.

అయినా దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువు ధర రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు. కంపెనీ ఏ నగరంలో ఉన్నా, కొన్నవారు తాము నివాసముండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. అందుకు రెండేళ్ల వ్యవధి ఉంటుంది.

పండగల ముందు తగ్గింపు బ్యానర్లు కట్టే దుకాణాల్లో ఈ 30 రోజుల నిబంధనను కూడా పెద్దక్షరాలతో రాయించి పెట్టేలా అధికారులు చూస్తే సగం తగవులు గుమ్మం దగ్గరే తీరతాయి. అప్పటిదాకా బిల్లు కాగితాన్ని బీరువాలో భద్రంగా దాచుకోవాల్సిందే. అన్నట్టు, ఆ బిల్లు మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. ముందు దానికో జిరాక్సు తీయించండి!