తెరమీది తరగతులు

గురువు ఎదుట కూర్చుండి వినినదే చదువను భావము మనలో మిక్కిలి పాతది. 2020వ సంవత్సరము మార్చి నెలలో ఆ భావము ఒక్కపెట్టున తలక్రిందయ్యెను. 11వ తేదీన ప్రపంచారోగ్య సంస్థ కోవిడును మహమ్మారిగా ప్రకటించెను. 25వ తేదీనుండి మన దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చెను. అప్పటికే విశ్వవిద్యాలయముల తలుపులు మూతపడియుండెను. పాఠములు సగములో నిలిచినవి, పరీక్షలు ముందున్నవి, విద్యార్థులు తమ తమ యూళ్లకు పోయిరి. పెక్కుమంది అధ్యాపకుల చేతిలో మిగిలిన సాధనము సెల్‌ఫోనొక్కటే.

ఆ దినములలో జూమ్ అను పేరు చదువుకొను పిల్లలున్న ప్రతి యింటను వినబడెను. 2019 డిసెంబరులో దినమునకు కోటిమంది దాని సమావేశములలో పాల్గొనుచుండగా, 2020 ఏప్రిలు నాటికి ఆ సంఖ్య 30 కోట్లకు పెరిగినదని ఆ కంపెనీయే తెలిపినది. (ఒకరే మూడు సమావేశములకు పోయినచో మూడుగా వేసిన లెక్క యిది; కనుక అన్ని కోట్ల మనుష్యులని భ్రమపడరాదు.) దానితోపాటు గూగుల్ మీట్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, పాఠములను, అభ్యాసములను ఒకచో చేర్చియుంచు గూగుల్ క్లాస్‌రూమ్, 2002లోనే ఆస్ట్రేలియాలో పుట్టి ఉచితముగా లభించు మూడుల్, వీనినన్నిటిని మన అధ్యాపకులు వారము పదిదినములలో నేర్వవలసివచ్చెను. ఏదియు కుదరనివారు వాట్సాప్‌లో పాఠమును పలికి పంపిరి.

దూరమునుండి చదువు చెప్పుట మనకు క్రొత్త యనుకొనరాదు. భారతదేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదునందే వెలసెను. నేడు దానికి అంబేద్కరు పేరున్నది. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠములను అందరికి అందించు ఎన్‌పిటెల్ 2003లోను, స్వయం అను ప్రభుత్వ వేదిక 2017లోను ఆరంభమైనవి. కాని వీని వెనుక నెలల తరబడి చేసిన సన్నాహముండును. 2020లో జరిగినది వేరు. ఇల్లు కాలుచున్నప్పుడు కిటికీనుండి దుముకుటవంటిదది. దానిని చూచి, ఆన్‌లైను చదువే పనికిమాలినదని తీర్పు చెప్పుట న్యాయము కాదు. అదియే గొప్పదని పొగడుట అంతకన్న న్యాయము కాదు.

పురుషుడగు అధ్యాపకుడు గది తలుపు మూసికొని పాఠము చెప్పుట తేలిక. ఉపన్యాసకురాలి సంగతి వేరు. అర్థశాస్త్రము బోధించు నా మిత్రురాలొకతె తొమ్మిదింటి తరగతిలో కుక్కరు కూత వినబడకుండుటకై ఎనిమిదిన్నరకే పొయ్యి ఆర్పెడిదట. ఇంటిలో ఫోనులు రెండు, తరగతులు మూడు. బియ్యపు డబ్బాపై ఫోనును నిలిపి, పిల్లవాని పలకమీద సుద్దతో రేఖలు గీచి చూపెడిది. తెరపై అరువది పేర్లు. ఒక్క ముఖమును కానరాదు. అర్థమైనదా యని యడిగినచో మౌనము. విద్యార్థి కనుబొమ్మల ముడి చూచి మరల చెప్పు నలవాటున్నవారికి ఆ మౌనమును మించిన శిక్ష లేదు.

ఈ యలసటను పండితులు పరిశోధించిరి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2021లో పదివేలకు పైబడిన జనమును ప్రశ్నించి చూడగా, ఇట్టి సమావేశముల పిదప మిక్కిలి అలసిపోవుచున్నామని చెప్పినవారు పురుషులలో ఇరువదిమందికొకరుండగా, స్త్రీలలో ఏడుగురికొకరుండిరి. గంటలకొలది తన ముఖమే తనకు అద్దములోవలె కనబడుచుండుట ఒక ముఖ్యకారణముగా తేలెను. స్త్రీల సమావేశములు ఎక్కువసేపు సాగుట, నడుమ విరామము తక్కువగుట తక్కిన కారణములు. ఇది చదివి మన సోదరీమణులెవ్వరును ఆశ్చర్యపడరు.

ఇక విద్యార్థినుల మాట. మహమ్మారికి కొలదినెలల ముందు, 2019లో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవారు మన రాష్ట్రములలో విచారించిరి. 15 మొదలు 49 ఏండ్లలోపువారిలో ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశములో నూటికి 21 మంది, తెలంగాణలో 26.5, పురుషులో, వరుసగా 48.8, 57.4. ఇందు పెద్దవయసువారును కలరు, నిజమే. అయినను ఇంటిలో ఫోను ఒక్కటే యున్నప్పుడు అది ఎవరి చేతికి పోవునో ఈ అంకెలు చెప్పకయే చెప్పుచున్నవి. అధ్యాపకుడెంత చక్కని పాఠము సిద్ధపరచినను, ఆ ఫోను అన్నగారి జేబులో నున్నచో చెల్లెలికి చేరునా?

పిదప తరగతులు మరల గదులలోనికి వచ్చినవి. పరికరములు మాత్రము పోలేదు. గంటసేపు తెరమీద ఉపన్యసించుట చాలమంది మానిరి. అది మానుటయే మేలని నా యభిప్రాయము. రసాయనశాస్త్రపు ప్రయోగశాల తెరమీద నెన్నటికిని నిలువలేదు. కాని పాఠపు వ్రాతలను క్లాస్‌రూమ్‌లో నుంచుట, అయిదారు ప్రశ్నల చిన్నపరీక్ష పెట్టి మార్కులు యంత్రముచేతనే వేయించుట, కఠినమైన భాగమును పదినిమిషముల రికార్డింగుగా చేసి ముందే పంపి, తరగతిలో చర్చకు కాలము మిగుల్చుకొనుట, ఇవి నిలిచినవి. జ్వరముచేతనో, ఇంట శుభకార్యముచేతనో రాలేని బాలిక ఇంతకుముందు తోటివారి పుస్తకమునకై బతిమాలుకొనెడిది. ఇప్పుడు పాఠమునే మరల వినగలదు.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు 2021 మే నెలలో వెలువరించిన ముసాయిదాలో ప్రతి పాఠ్యాంశమునందును నూటికి 40 పాళ్లు ఆన్‌లైనులోను, తక్కిన 60 పాళ్లు గదిలోను బోధింపవచ్చునని సూచించిరి. స్వయం ద్వారా పొందదగిన క్రెడిట్లను గూడ ఆ యేడే 40 పాళ్లకు పెంచిరి. అనగా మన యిల్లు కళాశాలలో అయిదింట రెండుపాళ్లు కావచ్చునన్నమాట. కళాశాలకు పోయిన కూతురిని అంట్లు తోమ పిలువము. ఇంటనే కూర్చుండి తెర చూచుచున్నదానిని మాత్రము, ‘ఊరకే యున్నావు కదా’ యని పదిమార్లు లేపుదుము. ఆ గంట ఆమెకు విడువుడు. ఫోనునో, కంప్యూటరునో ఆ గంటకు ఆమె పేరనే యుంచుడు.

బోధించు సోదరీమణులకు రెండు సంగతులు. జూమ్‌లో తన బొమ్మ తనకు మాత్రము కనబడకుండ దాచు ఏర్పాటున్నది. విద్యార్థులకు మీరు యథాప్రకారము కనబడుదురు. వీడియోకన్న ధ్వని మాత్రమే గల రికార్డింగునకు డేటా మిక్కిలి తక్కువ పట్టును. పైన చెప్పిన నా మిత్రురాలు, వీధిలో బండ్ల రొద మొదలు కాకమునుపే తెల్లవారుజామున లేచి, తన పాఠములను చిన్నచిన్న ధ్వనిభాగములుగా చేసి పంపుచున్నది. పల్లెలనుండి వచ్చు బాలికలు వానిని బస్సులో వినుచున్నారట.