రాని జ్వరమునకు లెక్క

ఇంటిలో ఒకరికి జ్వరము వచ్చినచో ఆ ఖర్చు పద్దు పుస్తకములో కనబడును. వైద్యుని రుసుము, మందుల వెల, పని మానిన దినముల నష్టము, అన్నియు తెలియును. జ్వరము రాకుండుటకై కొన్న దోమతెర వెలయు ఆ పుస్తకముననే యుండును. కాని ఆ తెర వలన రాక తప్పిపోయిన జ్వరము ఏ పద్దులోను ఎక్కదు.

ప్రభుత్వముల లెక్కలకును ఇదే చిక్కు. మలేరియా నివారణకు ఎంత వెచ్చించితిమో, ఎన్ని తెరలు పంచితిమో చెప్పుట సులభము. ఆ ధనముతో ఎన్ని ప్రాణములు నిలిచినవో చెప్పుట కష్టము. అయినను ఆ ప్రశ్న అడుగక తప్పదు. ఒక పద్ధతిపై వెచ్చించిన ధనము మరియొక పద్ధతికి లేకుండ పోవును గదా!

జరుగని దానిని లెక్కించుటకు శాస్త్రజ్ఞులు ఎన్నుకొన్న ఉపాయము పోలిక. ఒకే తీరున నున్న గ్రామములను చీట్లు తీసి రెండు భాగములు చేయుదురు. ఒక భాగమునకు కీటకనాశని పట్టించిన తెరలు ముందుగా ఇత్తురు. రెండవ భాగమునకు సాధారణముగా పరీక్ష ముగిసిన పిదప ఇత్తురు. నడిమి కాలమున రెండింటను సంభవించిన మరణములను సరిపోల్చుదురు. గాంబియా, ఘనా, కెన్యా, బుర్కినా ఫాసో దేశములలో 1990 దశకమున ఇట్టి పరీక్షలు జరిగినవి. వాని ఫలితములను క్రోడీకరించి 2004లో వెలువడిన సమీక్ష ప్రకారము, తెరల రక్షణ పొందిన ప్రతి 1,000 మంది పసిపిల్లలకు ఏటా సుమారు 5.5 మరణములు తప్పినవి.

దీనిని బట్టి ఒక లెక్క కట్టి చూతము. ఆఫ్రికాలో 1,000 జనాభా గల గ్రామ మొకటి యున్నదనుకొందము. ఇద్దరికి ఒక తెర చొప్పున 500 తెరలు కావలెను. పంపిణీతో కలిపి తెరకు 5 డాలర్లు పట్టినచో మొత్తము 2,500 డాలర్లు. ఆ గ్రామమున అయిదేండ్ల లోపు పిల్లలు 150 మంది యుందురనుకొందము. తెరలు మూడేండ్లు మన్నినచో, పై లెక్క చొప్పున ఆ మూడేండ్లలో తప్పిన మరణములు దాదాపు రెండున్నర. అనగా ఒక్క ప్రాణమునకు 1,000 డాలర్లు.

లెక్కను ఇచ్చటనే ఆపరాదు. తీయవలసిన తరుగులు కలవు. తెరలు పలుచోట్ల మూడేండ్లకు ముందే చినుగును. ఉక్కపోతకు తాళలేక కొందరు వానిలో పండుకొనరు. తెరలకు పట్టించు పైరెత్రాయిడు మందునకు చాలచోట్ల దోమలు అలవాటుపడినవి. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పరీక్షల నాటికంటె నేడు ఆఫ్రికాలో శిశుమరణములు తగ్గినవి. కావున తెర తప్పింపగల మరణములును తగ్గినవి. మరియొక వంక, పెద్దలకు కలిగిన రక్షణ, మిగిలిన వైద్యపు ఖర్చు ఈ లెక్కలో చేరలేదు. ఇట్టి హెచ్చుతగ్గులను సవరించి, దానధర్మముల ఫలితములను పరిశీలించు అమెరికా సంస్థ గివ్‌వెల్ ఇటీవల కట్టిన అంచనాలు దేశమును బట్టి ప్రాణమునకు కొన్ని వేల డాలర్లుగా నున్నవి. అయినను ప్రాణరక్షణకు గల చవుక మార్గములలో ఇది యొకటిగానే నిలిచినది.

ఈ కొలబద్దను పట్టుకొనుటలో ఒక ప్రమాదము కలదు. దానికి మన దేశ చరిత్రయే సాక్ష్యము. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమగునాటికి ఏటా 7.5 కోట్ల మంది జ్వరపడుచున్నారనియు, 8 లక్షల మంది మరణించుచున్నారనియు అంచనా. ఇంటింట డి.డి.టి. చల్లగా, 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగినది. ఆనాడు ఖర్చును రోగుల సంఖ్యతో భాగించి చూచిన వానికి, ఇంత కొద్దిమంది కొరకు ఇంత వ్యయమా యని తోచును. కాని ఆ ధనము కొనుచున్నది ఆ లక్షమంది చికిత్సను కాదు, తక్కిన కోట్లమంది ఆరోగ్యమును. దోమలు డి.డి.టి.ని తట్టుకొనుట, మందు సరఫరా కుంటుపడుట, పర్యవేక్షణ సడలుట, ఇవన్నియు కలిసి 1976 నాటికి రోగుల సంఖ్యను 64 లక్షలు దాటించినవి.

మరల నేడు అట్టి దశకే చేరుచున్నాము. 2015లో దేశమున 11.69 లక్షలుగా నమోదైన కేసులు 2023లో 2.27 లక్షలకు తగ్గినవి. మిగిలిన రోగములో పెద్దపాలు అడవులలో, కొండలలో నున్న గిరిజన గ్రామములది. అచ్చటికి తెరను, రక్తపరీక్షను, మందును చేర్చుటకు మైదానములోకంటె హెచ్చు ఖర్చగును. ఒక్కొక్క రోగికి పడు వ్యయము ఏటేట పెరుగుచున్నట్లే కనబడును. దానిని చూచి కేటాయింపులు తగ్గింపవలెనను వారు, ఈ యేడు ఎందరు రోగులున్నారని మాత్రమే గాక, పని మానినచో ఎందరు మరల జ్వరపడుదురో కూడ లెక్క వేయవలెను. 1965 సంఖ్య ప్రక్కన 1976 సంఖ్యను వ్రాసికొని ఆ లెక్క మొదలు పెట్టుట మేలు.